హాస్టల్ పరుపు

సాయంత్రం ఆరింటికి ఇంజనీరింగ్ కౌన్సెలింగ్ ఆప్షన్లు మూసేస్తారట, ఇప్పుడు నాలుగు దాటింది, ట్రాలీ ఆటో దర్శి దాటి పొలాల మధ్యకొచ్చింది. వెనకాల తొట్టిలో చుట్టిన పరుపు, పరుపు తడవకుండా నీలం పట్టా, పట్టా గాలికి లేచిపోకుండా దాని మీద షిరీన్. ముందు సీట్లో ఆటో నడుపుతున్న నాన్న గౌస్ బాషా వీపు కనిపిస్తోంది, చొక్కా భుజాల మీద ఎంత దులిపినా పోని దూది నూగు. రెండున్నర అడుగుల వెడల్పు, ఆరడుగుల పొడుగు. ఆ కొలత చెబితే చాలు, పరుపు దేనికో దర్శిలో ఎవరైనా చెప్పేస్తారు, ఇంట్లో మంచానికి కాదు, కాలేజీ హాస్టల్ మంచానికి. అంకమ్మరావు కూతురు జ్యోతిర్మయికి సీటింకా రాలేదు, కాలేజీ ఏదో తేలలేదు, పరుపు మాత్రం తయారైపోయింది. ఎందుకంటే బస్టాండు ఎదురుగా ఈ ఏడు అడ్మిషన్లకి కాలేజీవాళ్ళు కట్టిన ఫ్లెక్సీలో అంకమ్మరావు షిరీన్ బొమ్మ చూశాడు. చూసి తిన్నగా నాన్న పరుపుల అంగట్లోకొచ్చి, ఏమయ్యా బాషా, మాకెవరికీ చెప్పకుండా ఇంత పిల్లని పెంచావా, మా పిల్లకి ఏం పెట్టాలో నీ పిల్లే చెప్పాలి, పరుపుతోపాటు ఆమెనీ తీసుకురా, ఆమె ఏది నొక్కమంటే మావాళ్ళు అదే నొక్కుతారు, అని చెప్పి, నాన్న ఇచ్చిన టీ నిలబడే తాగి వెళ్ళిపోయాడు. ఆమె ఏది నొక్కమంటే అదే. ఆ మాట వారం రోజులుగా షిరీన్ గొంతులో ముల్లులా ఉంది, మింగుడుపడదు, బయటికి రాదు.

ఫ్లెక్సీలో తను నల్లకోటు వేసుకుని నవ్వుతోంది. పక్కన ఇంకో పదిహేనుమంది, అందరూ నల్లకోట్లే. చూసేవాళ్ళకి తెలియనిదేంటంటే అది ఒకటే కోటు. కాలేజీ ప్లేస్‌మెంట్ సెల్లో హ్యాంగర్‌కి వేలాడేది, ఉద్యోగం ఇస్తామని లెటర్ వచ్చినవాళ్ళు వరసగా నిలబడి ఒకరు విప్పితే ఒకరు తొడుక్కుని ఫొటో దిగారు, తనకి ముందు తొడుక్కున్నవాడి చెమట ఇంకా ఆరలేదు, చేతులు పొడుగైతే రూమ్మేటు మెహర్ వెనకనుంచి మడతపెట్టి పిన్ను గుచ్చింది, నవ్వవే, ఏదో బలివ్వబోతున్నట్టు మొహం పెట్టకు, అంది. నవ్వింది. ఆ నవ్వే ఇప్పుడు దర్శి బస్టాండులో ఎండకి ఎండి వానకి తడుస్తోంది. మెహర్‌కి ఆ కోటు అందలేదు, పిన్ను గుచ్చడమే అందింది. ఇప్పుడు మెహర్ హైదరాబాదులో ఎవరో అమెరికా రోగుల జబ్బులకి అంకెలు వేసే పనిలో ఉంది. ఇసీజీ కోడ్ వేసినప్పుడల్లా మన ల్యాబు గుర్తొస్తుందే, గీత పైకీ కిందకీ, గుర్తుందా, అని ఒకసారి మెసేజ్ పెట్టింది. గుర్తు లేకపోవడమేంటి.

గుర్తుంది. మూడో అంతస్తు చివర గది, కిటికీలకి ఆకుపచ్చ గుడ్డలు, లోపలికి అడుగు పెట్టగానే సోల్డర్ కరిగే వాసన, సాంబ్రాణి కాదు, కాలిన వైరూ కాదు, రెండూ కానిదేదో. మధ్యాహ్నం అన్నం తిన్న మత్తులో సగంమంది బల్లల మీద తలవాల్చేవాళ్ళు. షిరీన్‌కి నిద్ర వచ్చేది కాదు. ఆసిలోస్కోపు గాజుతెర మీద పచ్చగీత వణుకుతూ, పరిగెడుతూ, మీట ఎంత తిప్పినా నిలవకుండా ఏడిపించేది, అలా తిప్పగా తిప్పగా ఒక్క క్షణంలో టక్కున నిలబడేది, కొండలూ లోయలూ గీసినట్టు, ఎవరో పిలిస్తే వెనక్కి తిరిగి ఆగిన మనిషిలా. ఆ ఆగడం చూడ్డానికే ల్యాబు కుర్రాడు తాళాలు గలగల్లాడించేదాకా కూర్చునేది. నాలుగో ఏడు ప్రాజెక్టుకి మిరపకాయల టిక్కీబస్తాలో గుచ్చితే తేమ ఎంతుందో చెప్పే పరికరం చేసింది. నాన్న గోనెబోరం కుట్టే దబ్బనం తీసుకెళ్ళి దానికే తీగలు అతికించింది. పచ్చి కాయలో పెడితే ఎర్రదీపం, ఎండిన కాయలో పెడితే పచ్చదీపం. పనిచేసింది. గైడు సారు చాలా బావుందమ్మా అని అద్దాల బీరువాలో పెట్టి తాళం వేశారు, కాలేజీ చూడ్డానికి వచ్చేవాళ్ళకి ఇప్పటికీ అదే చూపిస్తున్నారట. దబ్బనం పోయిందని నాన్న నెలరోజులు వెతుక్కున్నాడు.

వాన రాలేదుగాని వస్తానంటోంది. నల్లరేగడి మీద నాలుగాకుల పత్తిమొక్కలు, సాళ్ళ మధ్య వంగిన ఆడవాళ్ళు, దూరంగా సాగర్ కాలవ కట్ట. ఫోను ఒళ్ళో వణికింది. గుండె కూడా వణికింది, రెండేళ్ళుగా ఈ రెండూ కలిసే వణుకుతున్నాయి, విడదీయడం తనవల్ల కాలేదు. రీచార్జి అయిపోవస్తోందని మెసేజ్. అది కాదు. ఎప్పుడూ అది కాదు. కంపెనీ నుంచి డియర్ షిరీన్ అని మొదలయ్యేదొకటి రావాలి. అలా మొదలయ్యేవి నాలుగొచ్చాయి నిజమే, మీ చేరిక తేదీ త్వరలో తెలియజేస్తాం, వ్యాపార అవసరాలనుబట్టి తెలియజేస్తాం, మళ్ళీ ఒక పరీక్ష రాయండి తెలియజేస్తాం, పరీక్ష రాసింది, పాసైంది, మీ ఓపికకు ధన్యవాదాలు, తెలియజేస్తాం. వాళ్ళు తన ఓపికకి థాంక్స్ చెప్పినప్పుడల్లా అది ఇంకాస్త మిగిలి ఉండాలి కాబోలు అనుకునేది. మొదటి ఏడాది ఆశ అనేది నీళ్ళకుండలా ఉండేది, ఎంత తాగినా ఉండేది. ఇప్పుడు అడుగున తడి. ఆ తడికే నాలిక తగిలించి కూర్చోవడం అలవాటైపోయింది, ఎవరైనా కుండ బోర్లించేస్తారేమోనని భయం. ఆ భయమే ఇప్పుడు ఈ ఆటోలో కూడా వస్తోంది. నాకు ఉద్యోగం లేదు అని ఇంతవరకూ నోటితో ఎవరి దగ్గరా అనలేదు. అంటే అయిపోతుంది. అనకపోతే ఇంకా వస్తున్నట్టే.

జీతం కోసమే అని అమ్మ జైతున్‌బీ అనుకుంటుంది. కాదు. ఎవరైనా ఒక పని చేతిలో పెట్టి, ఇది పనిచెయ్యట్లేదు, ఎందుకో చూడు, అంటే చాలు. మెళ్ళో తాడు, తాడుకి కార్డు, కార్డు ఆనించగానే తెరుచుకునే తలుపు. తన కోసమే తెరుచుకునే తలుపు. లోపల ఒక బల్ల, బల్ల మీద మొన్న సగంలో వదిలేసిన పని. సగంలో వదిలేసిన పని ఉండడం ఎంత బావుంటుంది, రేపు పొద్దున లేవడానికి అదొక్కటి చాలదూ. ఇక్కడేముంది, అంగడి పైన అటకలాంటి గది, ల్యాప్‌టాపు, కింద దూదేకే మిషను హోరు, మెట్ల మీంచి పైకి తేలొచ్చి కీబోర్డు సందుల్లో పడుకునే నూగు. పొద్దున తొమ్మిదింటికి తల దువ్వుకుని పైకెక్కుతుంది, సాయంత్రం ఆరింటికి దిగుతుంది. అప్లికేషన్లు పెడుతుంది, ఎవరూ అడగని ప్రోగ్రాములు రాస్తుంది, రాసినవి చెరిపేస్తుంది. ఆ తొమ్మిదీ ఆరూ చూసే నాన్న ఒకరోజు ఎవరో మీ అమ్మాయి చేరలేదా ఇంకా అంటే ఠక్కున అనేశాడు, చేరిందండీ, ఇప్పుడంతా ఇంట్లోంచే పనంటగా, పైన చేసుకుంటా ఉంది. మాట ఊరంతా పాకింది. మెట్ల కింద నిలబడి వాళ్ళూ వీళ్ళూ గొంతు తగ్గించి మాట్లాడ్డం మొదలెట్టారు, మీటింగులో ఉందేమో అని. ఎవరికీ అనుమానం రాలేదు, కరోనా తర్వాత మంచం మీద కూర్చున్నవాళ్ళంతా ఉద్యోగులే. నాన్నే మిషను ఆపి, ఒరేయ్, పైన పని జరుగుతోంది, అని పనివాళ్ళని కసిరేవాడు. ఆ నిశ్శబ్దంలో షిరీన్ కూర్చుని, ఏమీ లేని తెర వైపు చూస్తూ, మిషను మళ్ళీ వేస్తే బావుణ్ణనుకునేది. ఒకసారి మిషను మోటారు ఆగిపోతే తనే కిందికి దిగి కెపాసిటర్ మార్చింది. మోటారు గుర్రుమని లేచింది. ఆ రాత్రి అన్నం రెండు ముద్దలు ఎక్కువ తింది. ఎందుకో అమ్మకి అర్థం కాలేదు.

ఇవాళ పొద్దున కాలేజీ నుంచి ఫారం వచ్చింది. పూర్వ విద్యార్థుల ప్రస్తుత స్థితి. నొక్కితే కిందకి జారే జాబితా, ఉద్యోగం, పై చదువు, సొంత వ్యాపారం, వివాహం. ఎదురుచూపు అని లేదు. అరగంట వేలు గాల్లో పెట్టుకుని కూర్చుంటే ప్లేస్‌మెంట్ మేడమే ఫోను చేసింది, నువ్వు ఖాళీగా వదిలేస్తే మా శాతం పడిపోద్దమ్మా, లెటర్ వచ్చిందిగా, నిన్ను ప్లేస్డ్ కిందే ఉంచాం, నువ్వూ అదే నొక్కెయ్ తల్లీ, అంది. పాపం మంచిదే, తను ఇంటర్వ్యూకి వెళ్ళినరోజు టిఫిన్ పెట్టించింది కూడా. నొక్కింది. నొక్కగానే ఒక పచ్చ టిక్కు పడి, మీ విజయానికి అభినందనలు అని వచ్చింది. అభినందనల్లో తను ఉంది, శాతంలో తను ఉంది, ఫ్లెక్సీలో తను ఉంది. ఈ తొట్టిలో పట్టా పట్టుకుని కూర్చున్నదెవరు మరి. రేపు జ్యోతిర్మయి కూడా ఆ కోటే తొడుక్కుంటుంది, కోటుకి చెమట ఆరదు. తొడుక్కోకూడదా. ఏమో, ఆ పిల్లకి వస్తుందేమో. తనకి రాలేదని అందరికీ రాకుండా ఉంటుందా. నోరు మూసుకుని నాలుగు మంచి మాటలు చెప్పి మజ్జిగ తాగి వచ్చేస్తే ఎవరికి నష్టం. నాలుగేళ్ళ తర్వాత ఇంకో అటక, ఇంకో తొమ్మిది, ఇంకో ఆరు, ఇంకో మెట్లకింద గుసగుస. ఆ పిల్ల అప్పుడు తనని తిట్టుకుంటుందా, తలుచుకుంటుందా. తిట్టుకోవడమే నయం.

కాలవ వంతెన మీద నాన్న ఆటో ఆపాడు, తాడు వదులైందని. దిగి బిగిస్తూ ఆమె మొహం వైపు చూడకుండా అడిగాడు.

"ఏం చెప్తావమ్మా వాళ్ళకి?"

"నువ్వేం చెప్పమంటావ్?"

"నాలుగు మంచి మాటలు చెప్పు. శుభమా అని పిల్ల చదువుకోబోతా ఉంటే ఇంకేం చెప్తాం."

"నిజం చెబితే?"

"నిజం కానిదేముంది ఇందులో? లెటర్ రాలేదా? ఆ లెటర్ నేను లామినేషన్ చేయించలేదా?" తాడు ముడి ఇంకోసారి లాగాడు, అక్కర్లేకపోయినా. "వస్తదమ్మా. మనం లేదనుకుంటా కూర్చుంటే వచ్చేది కూడా గుమ్మంలోంచి తిరిగిపోద్ది."

అదీ సంగతి, ఆయన కుండలో కూడా అడుగున తడే ఉంది, ఆయనా నాలిక తగిలించుకునే కూర్చున్నాడు. అబద్ధం ఊరికోసం ఆడాడనుకుంది ఇన్నాళ్ళూ. తనకోసం ఆడుకున్నాడు. రోజూ పదిమందికి చెబుతూ, చెబుతూ, తనే నమ్మడానికి. ఆయన మెడ మీద నూగు చెమటకి అంటుకుని తెల్లటి చారలైంది, దులుపుదామని చెయ్యి చాపేలోపు ఆయన వెళ్ళి సీట్లో కూర్చున్నాడు. ఆటో కదిలింది. కాలవలో నీళ్ళు ఎర్రగా, తొందరగా పోతున్నాయి, పై నుంచి వదిలినట్టున్నారు. ఇంతే తొందరగా తనూ ఎక్కడికైనా పోవాలని, పోయి తీరాలని, ఎక్కడికో తెలిసి పోవాలని, ఎంత కోరికగా ఉందో, ఏడుపు కాదు అది, ఆకలికి దగ్గరగా ఉంది.

అంకమ్మరావు ఇంటి ముందు ఆటో ఆగేసరికి ఐదవుతోంది. వసారాలో మడతమంచం అప్పటికే వాల్చి ఉంది, పరుపు వేసి చూసుకోవాలని ముచ్చట. అంకమ్మరావు భార్య శివపార్వతి మజ్జిగ తెచ్చింది. జ్యోతిర్మయి సన్నగా, రెండు జడలతో, ఫోను ఒక చేతిలో, కాలేజీల కోడ్లన్నీ వరసగా రాసుకున్న నోటుబుక్కు ఇంకో చేతిలో, గుమ్మానికి ఆనుకుని నిలబడింది. షిరీన్ని చూడగానే కళ్ళు దించుకుంది, ఫ్లెక్సీలోంచి మనిషి దిగొచ్చినట్టు. పరుపు పరిచారు. సరిగ్గా సరిపోయింది. గౌస్ బాషా పరుపు అప్పజెప్పేటప్పుడు ఒక మూల జానెడు కుట్టు వదిలేసి ఉంచుతాడు. కొన్నవాళ్ళు అందులో చెయ్యిపెట్టి లోపల్నుంచి గుప్పెడు దూది లాగి, నలిపి, బూరుగుదో మిల్లు చెత్తో చూసుకోవాలి, చూశాకే ఆ జానెడూ వాళ్ళ కళ్ళముందే కుడతాడు. వాళ్ళ తాత నుంచీ అంతే. సూదికి దారమెక్కించి, చెయ్యి పెట్టండి, అన్నాడు.

"నీ దగ్గర చూసేదేందయ్యా బాషా, కుట్టెయ్," అన్నాడు అంకమ్మరావు.

"చూడకుండా కుట్టనండీ. అలవాటు లేదు."

"ఓయబ్బో, బస్టాండులో ఫ్లెక్సీ ఎక్కిన పిల్లని కన్నోడివి, నీ పరుపులో చెయ్యి పెట్టి దేవులాడితే నాకు పుట్టగతులుంటాయా? కుట్టు, కుట్టు."

గౌస్ బాషా కుట్టలేదు. సూది రెండు వేళ్ళ మధ్య అలాగే ఉంది. ఆయన ఎవరి వైపూ చూడలేదు, ఆ తెరిచి ఉన్న జానెడు వైపే చూస్తున్నాడు, ఆయన చెవుల చివర్లు ఎర్రబడడం షిరీన్‌కి కనిపించింది. ముప్ఫయ్యేళ్ళుగా ఒక్క పరుపూ చూపించకుండా కుట్టని మనిషి. లామినేషన్ చేయించిన మనిషి. వంతెన మీద అక్కర్లేని ముడి బిగించిన మనిషి. సూది ఆ జానెడు దగ్గరికి పోయి మళ్ళీ వెనక్కొచ్చింది, అంతే, ఇంకేమీ ఆలోచించాల్సిన అవసరం లేకపోయింది, వారంరోజులుగా కూర్చిన మాటలన్నీ ఎటుపోయాయో, నోట్లో ఒక్కటే మిగిలింది.

"చెయ్యి పెట్టి చూడండి బాబాయిగారూ. నాకు ఉద్యోగం లేదు."

అంకమ్మరావు నవ్వబోయి ఆగాడు. "అదేందమ్మా? ఆ బొమ్మ?"

"నాదేనండీ. లెటర్ కూడా నిజమే. వచ్చి రెండేళ్ళు దాటింది. రమ్మని మాత్రం ఇంకా పిలవలేదు."

"మరి ఇంట్లోంచే పనని..."

"అది నేనన్న మాటండీ," అన్నాడు గౌస్ బాషా, తల ఎత్తకుండానే. "పిల్ల ఒక్కనాడూ అనలా. తప్పు నాదే."

కొట్టంలో గేదె తోకతో దడి మీద కొట్టుకుంటున్న చప్పుడు. షిరీన్ కుండ బోర్లిపోవడం కోసం ఎదురుచూసింది. చేతులు చల్లబడతాయనుకుంది, కళ్ళు తిరుగుతాయనుకుంది. మజ్జిగలో అల్లం ఎక్కువైందని తెలిసింది, అంతే. అంకమ్మరావు తువ్వాలు భుజం మీంచి తీసి మొహం తుడుచుకుని మళ్ళీ వేసుకున్నాడు.

"అయితే ఇంకేందయ్యా, ఈ పరుపు మీద నేను పొడుకోనా? నా కాళ్ళు బయటికొస్తయ్!"

"ఊరుకోండి, ప్రతిదానికీ ఎకసెక్కం," శివపార్వతి కసిరింది. "చెప్పకుండా పోతే మీరేం చేసేవాళ్ళు? అమ్మాయ్, నువ్వు చెప్పమ్మా. మరి ఇంకేదన్నా పెట్టమంటావా? కంప్యూటర్లు?"

"మా గదిలో నలుగురం పిన్నీ. ఒకమ్మాయి హైదరాబాదులో ఆసుపత్రి కాగితాల పని. ఒకమ్మాయి బ్యాంకు పరీక్షలకి చదువుతోంది. ఇంకొకమ్మాయి చదివిన పనే చేస్తోంది, కాలేజీ ఇప్పించింది కాదు, చెన్నై వెళ్ళి ఆర్నెల్లు తిరిగి తనే వెతుక్కుంది. నాలుగో దాన్ని నేను. కాలేజీవాళ్ళ లెక్కలో ముగ్గురం ఉద్యోగస్తులమే." గ్లాసు కింద పెట్టింది. "మీరు ఏ కాలేజీకైనా వెళ్ళండి బాబాయిగారూ, ఎంతమందికి లెటర్లొచ్చాయని అడక్కండి. ఎంతమంది వెళ్ళి కూర్చున్నారు, ఏ పనిలో కూర్చున్నారు, వాళ్ళ ఫోను నంబర్లివ్వండి అనడగండి. ఇస్తే మంచిదే."

అంకమ్మరావు అప్పుడు వంగి, కుట్టు వదిలిన మూలలో చెయ్యిపెట్టాడు. గుప్పెడు దూది తీసి చాలాసేపు నలిపాడు. బూరుగే, అని తల ఊపి మళ్ళీ లోపలికి కుక్కాడు. గౌస్ బాషా సూది దింపాడు. కుట్టు కుట్టుకీ ఆయన ఊపిరి బయటికి వినపడుతోంది, ఎప్పట్నుంచి బిగబట్టుకున్నాడో. ఐదుంబావైంది. ఇంత జరిగినా గుమ్మం వదలని జ్యోతిర్మయి అప్పుడొచ్చి, కొత్త పరుపు అంచు మీద, షిరీన్‌కి కాస్త ఎడంగా కూర్చుంది.

"అక్కా, ఒకటడగనా? ఏమీ అనుకోవుగా?"

ఎంత ఏడ్చావని అడుగుతుందేమో. ఎందుకు చదివావని అడుగుతుందేమో. "అడుగు."

"ఈసీఈ అంటే, నువ్వు చదివిన ఎలక్ట్రానిక్స్, అసలు అందులో ఏం చెప్తారక్కా?"

షిరీన్ ఆ పిల్ల వైపు తిరిగింది. కంపెనీ అడిగారు, ప్యాకేజీ అడిగారు, ఎప్పుడు చేరతావని అడిగారు, ఇంట్లోంచే అయితే కరెంటు పోతే ఎలా అని కూడా అడిగారు. ఈ రెండేళ్ళలో, అంతకుముందు నాలుగేళ్ళలో, ఇంట్లోవాళ్ళూ బయటివాళ్ళూ ఎవరూ ఈ మాట అడగలేదు. జ్యోతిర్మయి ఒళ్ళోంచి నోటుబుక్కు తీసుకుంది, కోడ్లు రాసిన కాగితం తిప్పి, వెనక ఖాళీగా ఉన్నవైపు ఒక గీత గీసింది, ఈ చివరినుంచి ఆ చివరికి.

"ఇది తీగె అనుకో," అంది. అంకమ్మరావు కూడా ముక్కాలిపీట దగ్గరికి లాక్కున్నాడు. "పైకి ఏమీ కనపడదు. లోపల మాత్రం ఒకటి పరిగెడుతూ ఉంటుంది, ఎటు పోవాలో దానికి తెలీదు. దానికి దారి చెయ్యడం మన పని."